పిప్పి

చెంచాతో తీసిన పొడిని పాలలో వేసి, అతను గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. పొడి కరగలేదు. అది ఎన్నడూ కరగదు. ఎంత కలిపినా కాసేపు సుడి తిరిగి, చెంచా ఆగగానే రంపపు పొట్టులా అడుక్కు దిగిపోతుంది. అందుకే మరోసారి గట్టిగా తిప్పి, ఆ సుడి ఆగేలోపే గ్లాసును అక్క చేతికి అందించి, ఆమె వేళ్ళను దాని చుట్టూ తానే అమర్చాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాలేరా. పాడయింది కళ్ళు కానీ వేళ్ళు కాదు."

ఆమె మంచం పక్కన పేము కుర్చీలో కూర్చుని, మొహం కొంచెం పక్కకు తిప్పి, గటగటా తాగింది. ఆమె ఎవరినైనా చూడాలంటే ఇప్పుడు పక్కకే తిరగాలి. చూపుకు నట్టనడుమ ఒక మసక మరక పడింది. ఎదురుగా ఉన్న మనిషికి మొహం ఉండదు, చెవులూ భుజాలూ మాత్రమే ఉంటాయి. తమ్ముడిని చూడాలనుకున్నప్పుడు ఆమె గోడను చూస్తుంది. అప్పుడు ఓరకంటికి అతను అందుతాడు.

పాలు అయిపోయాక ఆమె చెయ్యి చాచింది. అతను చెంబుతో కాసిని నీళ్ళు పోశాడు. ఆమె గ్లాసును గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్నదంతా కడిగి, ఆ నీళ్ళు కూడా తాగేసింది. తమ్ముడు ఎవరి కంటా పడకుండా తెచ్చిన మందులో ఒక్క రవ్వ వృథా కావడం ఆమెకు ఇష్టం లేదు. ఆమె తాగిన గ్లాసు తోమినట్టే ఉండేది.

"ఇవ్వాళ కిటికీ చువ్వలు నిటారుగా కనపడుతున్నాయిరా. నిన్నటికి కొంచెం వంకర ఉండేవి."

ఆ మాట అన్నప్పుడు ఆమె కిటికీ వైపు తిరగలేదు. అతను అది గమనించాడు. గమనించనట్టు పొడి డబ్బా మూత బిగించాడు.

"మంచిదే కదా. మందు పట్టిందన్నమాట."

"పట్టక! ఎవరు చేసిన మందు!"

అతను తలుపు దగ్గరగా వేసి వీధిలోకి వచ్చాడు. వయసు అరవైకి చేరువలో ఉన్న మనిషి. కొద్దిగా వంగిన వీపు, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు ఒదిగే నడక. అరచేతుల గీతల్లో, గోళ్ళ చివర, ఏ సబ్బుకూ లొంగని పసుపు రంగు. ఆ రంగునే చూపించి అక్క ఈ వీధి వీధంతటికీ అతన్ని 'మందాయన'ను చేసింది. తలనొప్పి వచ్చినా, పిల్లలకు కడుపు నొప్పి వచ్చినా జనం అతన్నే అడిగేవారు. అతను నీళ్ళు నమిలి, డాక్టరుకు చూపించండని చెప్పి తప్పుకునేవాడు. దాన్ని కూడా వాళ్ళు అణకువ కిందే జమకట్టారు.

పక్కింటి గుడ్లావిడ గోడ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది. ఆమె వెనక పెరట్లో కోళ్ళు మట్టి కెలుకుతున్నాయి.

"బాబాయ్, ఒక్క నిమిషం. నిన్నో మాట అడగాలి, తప్పుగా అనుకోకు."

"చెప్పమ్మా."

"మీ మందు పొడి అత్త నాకు రెండు గుప్పిళ్ళు ఇచ్చింది. నీకు తెలుసా? వద్దంటే వినలేదు. 'మా తమ్ముడే చెప్పాడు, ఇది తిన్న కోళ్ళ గుడ్లలో సొన సింధూరంలా ఉంటుందిట, వేసి చూడు' అంది."

ఆ మాట అతనే అన్నాడు. బంతిపూల రంగు మనుషుల మాత్రలకే కాక కోళ్ళ దాణాలోకి కూడా వెళుతుందని, సొన ఎరుపెక్కుతుందని, ఒక భోజనాల వేళ గొప్పగా చెప్పాడు. అది నిజమే. ఆ ఇంట్లో అతను చెప్పిన నిజాలు తక్కువ, వాటిలో ఇది ఒకటి.

"వేశావా?" అన్నాడు.

"పొడి అయిపోయేదాకా వేశాను. సొన చూడు, ఎలా ఉందో! జ్వరం పడి లేచిన మొహంలా తెల్లగా పాలిపోయి ఉంది. బజారు దాణా వేసినప్పుడే నయం. అందులో ఏమీ లేదు బాబాయ్, వట్టి పొట్టు. నిన్నెవరో మోసం చేస్తున్నారు. నీకిచ్చేవాడు పైదంతా నొక్కేసి పొట్టు చేతిలో పెడుతున్నాడేమో చూసుకో."

"కోళ్ళకు... ఒక్కోసారి పట్టదు."

"అదేం కాదు. సాయంత్రం గుడ్లు ఇవ్వడానికి వస్తాగా, అత్తకి కూడా చెబుతాను. పాపం, ఆ కళ్ళకి అదే తాగుతోందిగా! తెలియాలి కదా."

అతను చెప్పొద్దని అనలేకపోయాడు. ఎందుకని ఆమె అడుగుతుంది. తల ఊపి బస్సు కోసం నడిచాడు.

పొట్టు అన్న మాటలో తప్పేమీ లేదు. కర్మాగారంలో దాని పేరు పిప్పి.

ఆ కర్మాగారంలోకి లారీల నిండా బంతిపూలు వస్తాయి. వాటిని గుంతల్లో ఊరబెట్టి, పిండి, ఆరబెట్టి, గుళికలు చేసి, పెట్రోలు వాసన వేసే ఒక ద్రావకంలో నానబెడతారు. పూలు తమ రంగునంతా ఆ ద్రావకానికి అప్పగించేస్తాయి. ద్రావకాన్ని మరిగించి పంపేస్తే మిగిలేది బెల్లప్పాకం కంటే చిక్కటి, నల్లటి ఎరుపు ముద్ద. ఆ ముద్ద తాళం వేసిన గదిలో, తెల్లటి దుస్తులు వేసుకున్న వారి చేతుల మీదుగా డబ్బాల్లోకి వెళ్ళి, సముద్రాలు దాటి, ఎవరెవరి కళ్ళనో కాపాడే మాత్రలవుతుంది. రంగు పోగొట్టుకున్న పూలు ఇవతలి వైపు ఒక ఇనుప గొట్టం నోట్లోంచి పొగలు కక్కుతూ బయట పడతాయి. అదే పిప్పి. ఎండుగడ్డి రంగు, ఎండుగడ్డి వాసన. దానివల్ల హాని లేదు, మేలు అంతకన్నా లేదు. గొడ్ల మేతకు సంచుల్లో నింపి అమ్ముతారు.

ఆ గొట్టం కింద పార పట్టుకుని నిలబడేవాడు అతను. వయసులో ఉన్నప్పుడు చేరాడు, అక్కడే ముసలివాడయ్యాడు. లోపలి గదిలోకి ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అక్కడ అతన్ని అందరూ 'పిప్పాయన' అంటారు. అలా పిలవడంలో వెటకారం లేదు. వంట చేసేవాడిని వంటాయన అన్నట్టే.

అబద్ధం చిన్నదిగానే పుట్టింది. తల్లి పోయాక అక్క బట్టల కొట్టుకు కాజాలు కుట్టి అతన్ని పెంచింది. కాజా కుట్టడమంటే గుడ్డకు ఒక చీలిక పెట్టి, ఆ చీలిక చుట్టూ దారాన్ని వెంట్రుకంత ఎడంతో ముడులు వేసుకుంటూ పోవడం. చొక్కాకు వరసగా అన్ని కాజాలు, రోజుకు అన్ని చొక్కాలు. పెళ్ళి మాట ఎత్తిన వారినల్లా 'వాడు ఓ దారిన పడనీండి' అని తిప్పి పంపింది. వాడు చదువులో దారిన పడలేదు. ఉద్యోగం దొరికిన రోజున ఇంటికి వచ్చేసరికి ఆమె సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు చికిలించి అవస్థ పడుతోంది. 'ఏం పనిరా?' అని అడిగింది. పూల నుంచి మందు తీసే పని అన్నాడు. దారం ఎక్కింది. ఆమె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగును ఆర్పే ధైర్యం అతనికి మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

అది అక్కడితో ఆగితే లోకంలో ఎవరికీ నష్టం లేదు. కానీ ఆమె కళ్ళు మసకబారాయి.

కంటి డాక్టరు చిన్నవాడు, మర్యాదస్థుడు. అద్దాలు తీసి పక్కన పెట్టి, పెద్దావిడకు అర్థమయ్యేట్టు నిదానంగా చెప్పాడు. "ఇనుముకు తుప్పు పట్టినట్టు కంటి వెనక పొరకు కూడా తుప్పు పడుతుందమ్మా. మీకు నడిమధ్యలో పట్టింది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాస్త ఎక్కువ కాలం నిలబెట్టుకోవచ్చు. ఆకుకూరల్లో, కొన్ని పూలలో ఒక పసుపు రంగు ఉంటుంది. అది ఆ తుప్పుకి కొంత అడ్డం పడుతుంది. దాంతో చేసిన మాత్రలు రాస్తాను. అందరికీ ఒకేలా పనిచెయ్యవు, కొందరికి పనిచేస్తాయి. మాత్రలు మానినా సరే, ఆకుకూరలు మాత్రం రోజూ తినండి."

"డాక్టరుగారూ, ఆ రంగు తీసేది మేమేనండీ," అన్నాడు అతను.

ఎందుకన్నాడో అతనికే తెలియదు. అక్క పక్కనే ఉంది. ఆమె గోడ వైపు తిరిగి, ఓరకంటితో తమ్ముడిని చూసుకుంటూ నవ్వుతోంది. "విన్నారా బాబూ? మా ఇంట్లోనే ఉంది మందు!"

"అయితే నేను రాయడం ఎందుకు?" అని డాక్టరు కూడా నవ్వి కలం మూసేశాడు.

ఆ తరవాత మాత్రలు కొనడమంటే ఇన్నేళ్ళూ అబద్ధమాడానని ఒప్పుకోవడమే. అతను కొనలేదు. పనివాళ్ళు తమ గొడ్ల కోసం పిప్పి పట్టుకెళ్ళవచ్చు, దానికి అడ్డులేదు. అతను ఒక సంచిలో పోసుకుని, ఇంటి దగ్గరి పిండిమరలో మెత్తగా పట్టించి, మూత ఉన్న డబ్బాలో నింపాడు. అంతకంటే తలదించుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. అక్క ఒకటికి రెండుసార్లు, 'ఆ డాక్టరబ్బాయి ఆకుకూరలు తినమన్నాడు కదరా, ఓ కట్ట తేరాదూ?' అంది. అతను నవ్వాడు. 'అసలు సరుకే తెస్తుంటే ఆకులెందుకే పిచ్చిదానా' అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. బజారులో ఏ మూల చూసినా కుప్పలు పోసి ఉండే ఆకును కూడా ఆమె నోటికి అందకుండా చేసినవాడు అతనే.

గేటు దగ్గర కాపలావాడు రోజూలాగే పలకరించాడు. "ఏం పిప్పాయనా, నీ ఆవు ఎలా ఉంది?"

మొదటిసారి సంచి పట్టుకెళ్ళినప్పుడు ఎవరికోసమని అడిగితే ఆవు ఉందన్నాడు. అప్పటి నుంచి ఆ ఆవు క్షేమం అడగని మనిషి లేడు. పాలిస్తోందా, చూలుతో ఉందా, ముసలిదైపోయి ఉంటుందే, అమ్మెయ్యరాదూ.

"బాగానే ఉంది," అన్నాడు అతను.

"పిప్పి తిని బతుకుతోందంటే గట్టి ప్రాణమే!"

అతను నవ్వాడు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు. రోజూ వింటున్న మాటే. ఇవాళ దాని వెనక పేము కుర్చీ కనిపించింది, గ్లాసు కడిగి తాగే మనిషి కనిపించింది.

పొద్దుటి నుంచి పార లేపుతూ, దించుతూ అతను ఒకటే ఆలోచించాడు. గుడ్లావిడ సాయంత్రం వస్తుంది. ఆవిడ చెప్పేలోగా తను చెప్పాలి. ఊరికే చెబితే చాలదు, చేతిలో ఏదో ఒకటి ఉండాలి. లోపలి గదికి తాళం. కానీ పూలు? పిండక ముందు, ద్రావకం తగలక ముందు, ఆ రంగంతా పూలలోనే కదా ఉంది! ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. ఎన్నోసార్లు వచ్చింది. పూల లారీలు ఆగే దించుడు చావడిలో అడగాలంటే ఎవరికని చెప్పాలి, ఏమని చెప్పాలి అన్న చోట ప్రతిసారీ ఆగిపోయింది. ఆ మొహమాటానికి అక్క కళ్ళు ఇన్నాళ్ళూ మేతయ్యాయి.

భోజనాల వేళ అతను దించుడు చావడికి వెళ్ళాడు. లారీ ఒకటి అప్పుడే తలుపు దించింది. పూలు నేల మీద మోకాలి లోతున పడి ఉన్నాయి. అక్కడి మేస్త్రి నోరూ చెయ్యీ రెండూ పెద్దవైన మనిషి, అందర్నీ వరసలు కలిపి ఆట పట్టిస్తుంది.

"ఏం మరిదీ, దారి తప్పావా? నీ గొట్టం అటువైపు కదా!"

"వదినా, కొన్ని పూలు కావాలి."

"ఎవరికేంటి? ముసలితనంలో ఎవరికైనా జడలో పెడతావా?" పక్కనున్న ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు.

"తినడానికి."

"ఓహో, ఆవుకి పండగ చేస్తున్నావన్నమాట. పిప్పితో నాలిక చచ్చిపోయి ఉంటుంది దానికి."

అతను నేల చూశాడు. ఒక పువ్వు అతని చెప్పు కింద నలిగి, నారింజ రంగు నేలకంటుకుంది.

"ఆవు లేదు వదినా. అక్కకి. కళ్ళకి మంచిదని."

మేస్త్రి నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. "అక్కకయితే మరి ఇన్నాళ్ళూ నువ్వు సంచుల్లో పట్టుకెళ్ళిన..." అని ఆగిపోయింది. ఆమె నవ్వు కొద్దికొద్దిగా, అంచుల నుంచి మొదలై, ఆరిపోయింది.

ఆమె తన తలగుడ్డ విప్పి నేల మీద పరిచి, వాడినవి ఏరి పారేసి, గట్టి పూలు దోసిళ్ళతో పోసి, నాలుగు చెంగులూ కలిపి ముడి వేసింది.

"రోజూ ఇక్కడ ఊడ్చి పారబోసేదే గంపెడు ఉంటుందయ్యా," అంది గొంతు తగ్గించి. "నోరు తెరిచి అడిగితే ఎవరు కాదనేవారు? పో, ఇప్పుడే పో. పార నేను ఎవరికైనా ఇస్తాలే. ఈ లోడుకి మందులేవీ కొట్టలేదు. అయినా బాగా కడిగి, రేకులు తుంపి, అన్నంలో పెట్టు. వెళ్ళు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

అతను బయటకు వచ్చాడు. కాపలావాడు మూటను చూశాడు కానీ ఆవు గురించి అడగలేదు. అప్పుడే వెళ్ళి ఉంటే ఎండ ఉండగానే ఇల్లు చేరేవాడు. బస్సు వచ్చింది. అతను ఎక్కలేదు. బల్ల మీద కూర్చుని చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాడు. 'అక్కా, నేను మందు తీసేచోట లేను.' ఇది మరీ తిన్నగా ఉంది. 'అక్కా, అప్పట్లో పని ఖాళీ లేక...' ఇది ఇంకో అబద్ధం. 'అక్కా, ఇవాళ నుంచి కొత్త మందు.' ఇది అన్నింటికంటే నీచం, అన్నింటికంటే సులువు. మరో బస్సు వెళ్ళిపోయింది. ఒళ్ళో మూట వెచ్చగా, తడిగా ఉంది. పూల పసరు గుడ్డలోంచి అతని పంట్లాము మీదకు దిగింది. చివరికి మాట కుదరకుండానే లేచి, ఎక్కువ దూరమైన దారి ఎంచుకుని నడిచాడు.

వీధి మలుపు తిరిగేసరికి తన ఇంటి ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అతన్ని చూసి దారి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి ఎవరో తనకోసం పక్కకు ఒదిగారని అతనికి అనిపించింది. ఎందుకో ఆ తరవాత అర్థమైంది.

అక్క పేము కుర్చీలోనే ఉంది. తల పక్కకు వాలి, గోడ వైపు తిరిగి ఉంది. ఓరకంట అతన్ని చూస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే. ఆమె కళ్ళను ఎవరో మూసి ఉంచారు.

గుడ్లావిడ నేల మీద కూర్చుని ఉంది. అతన్ని చూడగానే భోరుమంది. "నేనే బాబాయ్! నా నోరు పడిపోనూ! 'అత్తా, ఆ పొడిలో ఏమీ లేదు, నా కోళ్ళు తిన్నాయి, సొన తెల్లగా ఉంది' అన్నాను. ఎంత కోపం వచ్చిందో! 'మా తమ్ముడు ఉద్యోగం పణంగా పెట్టి తెచ్చిన సరుకు, నీ దిక్కుమాలిన కోళ్ళు అరిగించుకోలేకపోతే వాడిదా తప్పు?' అని నా గుడ్లు నాకిచ్చేసింది. 'చూడు, నీ కళ్ళ ముందే తాగుతాను' అని తడుముకుంటూ లేచి, తనే రెండు చెంచాలు వేసుకుని కలుపుకుని తాగింది. 'నా చూపు పోలేదే, నీ చెవులకు ఎర్ర పోగులున్నాయి, చెప్పనా?' అంది."

గుడ్లావిడ చెవులు బోసిగా ఉన్నాయి.

"'అవునత్తా, ఎర్రవే' అన్నాను. ఏమనను మరి? అప్పుడు శాంతించింది. 'వాడొచ్చాక నీళ్ళు పోస్తాడు, గ్లాసు అక్కడ ఉంచు' అని కుర్చీలో వెనక్కి వాలింది. అంతే బాబాయ్. నేను గుడ్లు మా ఇంట్లో పెట్టి వచ్చేసరికి ఊపిరి లేదు. పెద్ద ప్రాణాన్ని నా మాటతో కష్టపెట్టాను. నా కోళ్ళకే ఏదో జబ్బు చేసి ఉంటుంది. వాటిని రేపే అమ్మిపారేస్తాను."

"కోళ్ళ తప్పేమీ లేదమ్మా," అన్నాడు అతను.

"నువ్వలాగే అంటావు. మంచివాడివి కాబట్టి."

"అది మందు కాదు. పిప్పి. నేను పిప్పి ఎత్తేవాణ్ణి."

గదిలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ముప్పై ఏళ్ళుగా గొంతులో నిలిచిన మాట, ఇంత తేలికగా బయటకు వచ్చేసింది. ఎదురింటి ముసలాయన వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "దుఃఖంలో ఏదేదో మాట్లాడుతున్నాడు. కూర్చోబెట్టండ్రా. అక్కను కంటికి రెప్పలా చూసుకున్నాడు పాపం, ఇంత మందాయన అయ్యుండీ ఆపలేకపోయానే అని బాధ." అందరూ తలలు ఊపారు. అతన్ని మంచం మీద కూర్చోబెట్టారు. అతను మళ్ళీ నోరు తెరిచాడు. ముసలాయన "ఊరుకో నాన్నా, ఊరుకో" అన్నాడు. అతను ఊరుకున్నాడు. అలవాటైన పని కనుక అది అతనికి చేతనైంది.

గుడ్లావిడ అతని ఒళ్ళోని మూట తీసుకుని ముడి విప్పింది. "పూలు కూడా తెచ్చావా?" అని ఇంకా గట్టిగా ఏడుస్తూ, వాటిని అక్క పాదాల దగ్గర పోసింది. అవి తినడానికి తెచ్చినవి. గచ్చు మీద నారింజ రంగు పరుచుకుంది. ఆ గదిలో అంత రంగు ఎప్పుడూ లేదు.

కిటికీ గట్టు మీద గాజు గ్లాసు ఉంది. దాని అంచున పాల చార ఎండిపోయింది. అడుగున, ఎవరూ నీళ్ళు పోసి కడగని చోట, గడ్డి రంగు పిప్పి రెండు వేళ్ళ మందాన కదలకుండా పేరుకుని ఉంది.